శ్రీహరికోట, పులికాట్, ఇరకం దీవి: ఒంగోలు నుంచి రెండు రోజుల ప్రయాణంలో ఏది సాధ్యం, ఏది కాదు

మీ ప్రశ్నను ఒకసారి కుదించి చెప్పుకుంటాను. సంక్రాంతి సెలవుల్లో మీ దంపతులు, ఇద్దరు చిన్న పిల్లలు, మోకాళ్ల నొప్పి ఉన్న అమ్మగారు కలిసి సొంత కారులో ఒంగోలు నుంచి బయలుదేరి, రెండు రోజుల్లో శ్రీహరికోట ద్వీపం చూడాలనుకుంటున్నారు. అక్కడి సముద్రతీరంలో పిల్లలను ఆడించాలని, రాజహంసలను (ఫ్లెమింగోలను) చూడాలని, వీలైతే ఇరకం దీవిలో ఒక రాత్రి ఉండాలని మీ ఆలోచన. ఇదంతా కుదురుతుందా, ఏ క్రమంలో వెళ్లాలి అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, శ్రీహరికోట సముద్రతీరానికి సామాన్య సందర్శకులకు ప్రవేశం లేదు. ఇరకంలో రాత్రి బస పెట్టుకోవద్దు. మిగిలినవన్నీ రెండు రోజుల్లో హాయిగా చూడవచ్చు. మీకు కావలసిన అందమంతా ద్వీపానికి పడమటి వైపున, అంటే ద్వీపానికీ సూళ్లూరుపేటకూ మధ్య పరుచుకున్న పులికాట్ సరస్సులోనే ఉంది. సముద్రస్నానానికి నెల్లూరు దగ్గర మైపాడు ఉంది. ఈ రెంటినీ వేరు చేసుకుంటే ప్రయాణం చక్కగా కుదురుతుంది. శ్రీహరికోటను ఒక బీచ్ విహారంగా ఊహించుకుని వచ్చినవారు మాత్రం భద్రతా ద్వారం దగ్గర బండి తిప్పుకుని, ఆ చికాకులో దారి పొడవునా ఉన్న పక్షులను కూడా సరిగా చూడకుండా వెళ్లిపోతుంటారు.

నేను నెల్లూరులో జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని. ఏటా చలికాలంలో విద్యార్థులను పులికాట్‌కు, దాని దగ్గరి నేలపట్టు పక్షుల కేంద్రానికి తీసుకువెళ్లడం నా ఉద్యోగంలో భాగంగా ఉండేది. ఇప్పుడు బంధువులను, వారి పిల్లలను తీసుకువెళ్తున్నాను. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల విభజనలో సూళ్లూరుపేట ప్రాంతం తిరుపతి జిల్లాలో చేరింది గానీ, నెల్లూరు వాళ్ల మాటల్లో పులికాట్ ఇంకా మన సరస్సే.

ముందు ద్వీపం సంగతి. శ్రీహరికోట అనేది బంగాళాఖాతానికీ పులికాట్‌కూ మధ్య ఉత్తర దక్షిణాలుగా సాగిన ఒక పొడవైన ఇసుక ద్వీపం. దీనిని రాకెట్ ప్రయోగాలకు 1969లో ఎంపిక చేశారు. 1971 అక్టోబరులో ఇక్కడి నుంచి మొదటి సౌండింగ్ రాకెట్ ఎగిరింది. తూర్పున సముద్రం ఉండటం, భూమధ్యరేఖకు కొంత చేరువగా ఉండటం, చుట్టూ జనసాంద్రత తక్కువగా ఉండటం ఈ ఎంపికకు కారణాలు. రాకెట్‌ను తూర్పుకు ఎగరేస్తే భూభ్రమణ వేగం కలిసి వస్తుంది, విడిపోయిన భాగాలు సముద్రంలో పడతాయి. అంతరిక్ష కేంద్రం పరిధిలో సుమారు 43,360 ఎకరాలు, 50 కిలోమీటర్ల తీరరేఖ ఉన్నాయి. 2002లో దీనికి ఇస్రో పూర్వ అధ్యక్షుడు సతీశ్ ధవన్ పేరు పెట్టారు. అంతరిక్ష కేంద్రం రాకముందు ఈ ద్వీపంలో తరతరాలుగా యానాదులు నివసించేవారు. అది వచ్చినప్పుడు వారిని వేరే చోట్లకు తరలించారు. ఈ ద్వీపం గురించి పిల్లలకు చెప్పేటప్పుడు రాకెట్ల కథతో పాటు ఆ మాట కూడా చెప్పాలని నా అభిప్రాయం.

మనుషుల రాకపోకలు తగ్గడం వలన ద్వీపంలోని అడవికి మేలు జరిగింది. కోరమాండల్ తీరమంతటా ఒకప్పుడు విస్తరించి, తరువాత చాలా చోట్ల నశించిన పొడి సతతహరిత అడవి ఇక్కడ ఇంకా పెద్ద ఎత్తున మిగిలి ఉంది. దుప్పులు, అడవి పందులు, నక్కలు, దేవాంగపిల్లి ఆ అడవిలో ఉన్నాయి. ద్వీపం తూర్పు తీరంలో, ఆ మాటకొస్తే నెల్లూరు తీరం పొడవునా, జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ ఒడ్డుకు వచ్చి ఇసుకలో గుడ్లు పెట్టి తిరిగి సముద్రంలోకి వెళ్లిపోతాయి. మీరు ఇవన్నీ చూడలేరు, నిజమే. కానీ మనం చూడలేకపోవడం వల్లనే అవి నిలిచి ఉన్నాయన్న సంగతి గుర్తుంటే గేటు దగ్గర అంత కోపం రాదు.

ద్వీపంలోకి సామాన్యులు వెళ్లగలిగే ముఖ్యమైన అవకాశం రాకెట్ ప్రయోగం. 2019 నుంచి అక్కడ ప్రజల కోసం సందర్శకుల గ్యాలరీ ఉంది. ప్రయోగ తేదీ ప్రకటించిన తరువాత అంతరిక్ష కేంద్రం వెబ్‌సైట్‌లో పేర్లు నమోదు చేసుకోవాలి. నమోదు తెరిచిన కొద్దిసేపటికే స్థలాలు నిండిపోతుంటాయి కనుక ప్రకటన మీద కన్ను వేసి ఉంచాలి. ప్రతి ఒక్కరికీ ఫొటో గుర్తింపు కార్డు తప్పనిసరిగా దగ్గర ఉండాలి. సంక్రాంతి సెలవుల్లో ప్రయోగం ఉంటుందని ఆశ పెట్టుకుని మాత్రం ప్రణాళిక వేసుకోవద్దు. వాతావరణం వల్లనో సాంకేతిక కారణాల వల్లనో తేదీలు మారుతుంటాయి.

ఇక అసలు విషయానికి, సరస్సుకు వద్దాం. పాతవాళ్లు ప్రళయ కావేరి అనే ఈ పులికాట్, మన దేశంలో చిలకా తరువాత రెండవ అతి పెద్ద ఉప్పునీటి సరస్సు. ఇందులో ఎక్కువ భాగం మన రాష్ట్రంలో, దక్షిణపు కొస తమిళనాడులో ఉన్నాయి. కాళంగి, ఆరణి నదుల మంచినీరు వచ్చి ఇందులో చేరుతుంది; ముఖద్వారాల గుండా సముద్రపు నీరు పోటు సమయంలో లోపలికి వచ్చి, పాటు సమయంలో వెనక్కు పోతుంది. లోతు చాలా తక్కువ. చాలా చోట్ల మనిషి నడుము లోతు కూడా ఉండదు. ఆ లోతు తక్కువ కావడమే రాజహంసలకు కావలసిన వసతి.

మీ ప్రయాణం ఫలించేదీ లేనిదీ ఆ ఏడాది సరస్సులో నీరు ఎంత ఉన్నదన్న దాని మీద ఆధారపడి ఉంటుంది; పంచాంగం మీద కాదు. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు నెల్లూరు తీరానికి వాన తెస్తాయి. వానలు మోస్తరుగా పడిన ఏడాది జనవరిలో సరస్సు ఉత్తర భాగంలో మోకాలి లోతు నీరు విశాలంగా పరుచుకుని ఉంటుంది, పక్షులు రోడ్డుకు దగ్గరగా మేస్తాయి. డిసెంబరులో పెద్ద తుఫాను వచ్చి సరస్సు నిండిపోతే, కాళ్లు అందని లోతులో రాజహంసలు మేయలేవు కనుక అవి ఎక్కడో దూరంగా తిప్పల (నీటి మధ్య దిబ్బల) అంచులకు, చిన్న మడుగులకు చెదిరిపోతాయి. అలాంటి ఏడాది జనవరి కంటే ఫిబ్రవరి మేలు. వానలు తప్పితే ఇంకో సమస్య. నీరు త్వరగా ఇంకిపోయి మార్చి నాటికే చెరువు అడుగు నెర్రెలు విచ్చి, దాని మీద మోటారు సైకిళ్లు అడ్డదారిన పోతూ కనిపిస్తాయి. వాకాడు మండలం వైపు రాయదొరువు దగ్గర ముఖద్వారం ఇసుకతో పూడిపోవడం వలన ఉత్తర భాగానికి సముద్రపు నీరు తగ్గి, ఈ ఎండిపోవడం మరింత త్వరగా జరుగుతున్నది. పూడిక తీయాలని అక్కడి మత్స్యకారులు చాలా కాలంగా అడుగుతూనే ఉన్నారు. పక్షులకన్నా ముందు వారి రొయ్యలూ చేపలూ ఆ ద్వారం గుండానే రావాలి గదా.

కాబట్టి బయలుదేరే ముందు వారంలో సూళ్లూరుపేటలో తెలిసినవారెవరైనా ఉంటే, లేదా మీరు గది తీసుకోబోయే లాడ్జీవారినే, ఒక్క మాట అడగండి: షార్ రోడ్డుకు (సూళ్లూరుపేట నుంచి అంతరిక్ష కేంద్రానికి పోయే రోడ్డు) ఇరుపక్కలా నీరు ఉందా, పక్షులు రోడ్డు మీది నుంచి కనిపిస్తున్నాయా అని. రోజూ ఆ దారిన పనికి పోయే వారు అక్కడ చాలామంది ఉన్నారు; వారిచ్చే సమాచారం ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకదు.

ఈ షార్ రోడ్డు గురించి కొంత వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ యాత్రలో అన్నిటికన్నా విలువైన రెండు గంటలు ఇక్కడే గడుస్తాయి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సుమారు 18 కిలోమీటర్లు. ఊరు దాటిన కాసేపటికి రోడ్డు సరస్సులోకి దిగి, నీటి మధ్య గట్టు మీద తూర్పుకు సాగుతుంది. దారిలో అటకానితిప్ప దగ్గర పర్యావరణ విజ్ఞాన కేంద్రం ఉంది. పిల్లలకు కాసేపు బాగుంటుంది. సూర్యోదయానికి ఒక అరగంట ముందే రోడ్డు మీదకు చేరుకోండి. ఎండ ముదిరితే నీటి మీద గాలి వేడెక్కి దూరాన ఉన్న పక్షి బొమ్మ వణికినట్టు కనబడుతుంది, దుర్భిణి ఎంత మంచిదైనా ప్రయోజనం ఉండదు. పైగా ఎనిమిది దాటే సరికి అంతరిక్ష కేంద్రం ఉద్యోగుల బస్సులతో రద్దీ పెరుగుతుంది.

రోడ్డు తూర్పు పడమరలుగా ఉంది కనుక వెలుతురు విషయంలో ఒక కిటుకు ఉంది. జనవరిలో సూర్యుడు ఆగ్నేయంలో ఉదయించి రోజంతా దక్షిణం వైపే ఉంటాడు. అందువలన రోడ్డుకు ఉత్తరం వైపు ఉన్న పక్షుల మీద ఎండ నేరుగా పడి రంగులు స్పష్టంగా కనిపిస్తాయి. దక్షిణం వైపు పక్షులు నల్లటి నీడల్లాగానే కనిపిస్తాయి. మీరు వెళ్లేటప్పుడు ఉత్తరం మీకు ఎడమచేతి వైపు. వాహనాలు ఎడమ పక్కనే ఆపాలి కాబట్టి అమ్మగారిని ఎడమ కిటికీ దగ్గర కూర్చోబెడితే ఆమె కారు దిగకుండానే చూడగలరు. కారు కూడా ఒక మరుగే. బండి ఆపి ఇంజను కట్టేసి లోపలే కూర్చుంటే పక్షులు పట్టించుకోవు, తలుపు తీసి మనిషి నిలబడిన వెంటనే దూరం జరుగుతాయి. అయితే రోడ్డు వెడల్పు తక్కువ. వంతెనల మీద, మలుపుల దగ్గర ఆపవద్దు. పిల్లలను రోడ్డు వైపు తలుపు నుంచి దింపవద్దు.

రాజహంసను ఊరికే గులాబీ రంగు పక్షిగా చూసి వదిలేయకుండా, ఒక్క పక్షిని ఎంచుకుని అది ఎలా మేస్తుందో అయిదు నిమిషాలు చూడమని పిల్లలకు చెప్పండి. అది ముందు ఉన్నచోటే కాళ్లతో బురదను తొక్కి కలబెడుతుంది. తరువాత పొడవాటి మెడను దించి తలను తలకిందులు చేసి, పై ముక్కు నేలవైపుకు వచ్చేలా నీటిలో పెట్టి అటూ ఇటూ తిప్పుతుంది. నాలుక పంపులాగా పనిచేసి నీటిని లోపలికి లాగి బయటకు నెడుతుంది. ముక్కు అంచున ఉన్న సన్నటి పళ్లలాంటి నిర్మాణాలు బురదను వదిలేసి చిన్న రొయ్యల్లాంటి జీవులనూ నాచునూ పట్టి ఉంచుతాయి. ఆ ఆహారంలోని వర్ణకాల వల్లనే రెక్కలకు ఆ ఎరుపు వస్తుంది. గుంపులో బూడిద రంగులో కనిపించేవి వేరే జాతి కాదు, ఇంకా రంగు పట్టని కుర్ర పక్షులు. నిలుచున్నప్పుడు తెల్లగా, కొంచెం లేత గులాబీగా మాత్రమే ఉండే పక్షి, రెక్క విప్పగానే లోపలి ముదురు ఎరుపూ అంచుల నలుపూ బయటపడతాయి. ఆ ఎరుపు చూడాలన్న ఆశతో కొందరు అరిచి, చప్పట్లు కొట్టి, రాళ్లు విసిరి గుంపును లేపుతారు. దయచేసి ఆ పని చేయవద్దు, చేసేవారిని చూసినా ఊరుకోవద్దు. మేత సమయంలో ఎగరవలసి వస్తే అది తిన్న తిండి అంతా రెక్కల కష్టానికే ఖర్చవుతుంది. కాస్త ఓపిక పడితే అవే చోటు మార్చుకోవడానికి ఎగురుతాయి.

ఇవి పులికాట్‌లో గుడ్లు పెట్టవు. మన దేశంలో వీటి ప్రధాన సంతాన స్థలం గుజరాత్‌లోని కచ్ రణ్. పులికాట్ వీటికి మేత మడి. ఇక్కడికి దగ్గరలో పక్షులు గూళ్లు కట్టి పిల్లలను పెంచే చోటు నేలపట్టు, దాన్ని మాత్రం మీరు వదలకూడదు.

నేలపట్టు దొరవారిసత్రం మండలంలో, సూళ్లూరుపేటకు ఉత్తరాన సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, 16వ నంబరు జాతీయ రహదారి నుంచి కొద్దిగా లోపలికి ఉంటుంది. 1976లో దీనిని పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. విస్తీర్ణం 458 హెక్టార్లకు పైగా ఉంటుంది. ఊరి చెరువులో నీటిలోనే నిలిచి పెరిగే కడప చెట్ల మీద గూడబాతులు వందల గూళ్లు కడతాయి. నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు, రాత్రి కొంగలు కూడా అవే చెట్లను పంచుకుంటాయి. అక్టోబరు చివర మొదలుపెట్టి మార్చి దాకా ఈ సంసారం సాగుతుంది, జనవరిలో గూళ్ల నిండా పిల్లలు ఉంటాయి. రెట్టలతో చెట్లు సున్నం కొట్టినట్టు తెల్లబడి ఉంటాయి. గాలి మీ వైపు ఉంటే వాసన కూడా బాగానే వస్తుంది, దానికి సిద్ధపడి రండి. తల్లి గూడబాతు వచ్చి వాలగానే పిల్ల తన తలనంతా తల్లి ముక్కు కింది సంచిలోకి, దాదాపు గొంతు లోపలి దాకా దూర్చి చేపలు తింటుంది. మొదటిసారి చూసే పిల్లలు తల్లి పిల్లను మింగేస్తోందేమోనని భయపడతారు. మా విద్యార్థులు కూడా డిగ్రీ చదివేవారై ఉండి అలాగే అనుకునేవారు.

ఇక్కడ సాయంత్రం మూడు గంటల తరువాత వెళ్లడం మంచిది. పొద్దున పులికాట్‌కు మేతకు పోయిన పక్షులు చీకటి పడే లోపు విడతలు విడతలుగా తిరిగి వస్తాయి, గూళ్లన్నీ ఒక్కసారిగా కోలాహలంగా మారతాయి. వీక్షణ గోపురానికి మెట్లు ఉన్నాయి కనుక అమ్మగారు ఎక్కలేకపోవచ్చు. చెరువు కట్ట మీద నుంచి కూడా గూళ్లు బాగా కనిపిస్తాయి, ఒక మడత కుర్చీ వెంట తెచ్చుకుంటే ఆమెకు అదే చాలు. గూళ్ల వైపు నీటి అంచుకు దిగి ఫొటోలు తీయడానికి ప్రయత్నించవద్దు. పెద్ద పక్షి బెదిరి గూడు వదిలి లేస్తే చాలు, కాకులూ గద్దలూ గుడ్లను, చిన్న పిల్లలను ఎత్తుకుపోతాయి. నేలపట్టు రైతులు ఈ పక్షులను తరాలుగా కాపాడుకుంటూ వచ్చారు. పక్షి రెట్టలు కలిసిన చెరువు నీరు పారితే పొలానికి ఎరువు బలం వస్తుందని వారి అనుభవం. అటవీశాఖ బోర్డు కంటే ఆ నమ్మకమే ఎక్కువ కాపలా కాసిందని నా ఉద్దేశం.

ఇరకం సంగతికి వస్తే, అది తడ మండలంలో సరస్సు మధ్య ఉన్న జనావాస దీవి. తమిళనాడు సరిహద్దుకు ఆనుకుని ఉన్న భీములవారిపాళెం నుంచి పడవలో వెళ్లాలి. ఎన్నికలప్పుడు పోలింగు సిబ్బంది యంత్రాలతో సహా పడవ ఎక్కి పోయే ఊరిగా పత్రికల్లో మీరు చదివే ఉంటారు. అక్కడ వినోద సౌకర్యాలేమీ ఉండవు. ఇళ్లు, చెట్లు, వలలు ఎండేసిన ఒడ్డు, ఒక మామూలు పల్లె. నాకు ఆ మామూలుతనమే ఇష్టం, కానీ పిల్లలకు దీవి కన్నా పడవ ప్రయాణమే నచ్చుతుంది. అమ్మగారికి పడవ ఎక్కి దిగడం కష్టం కావచ్చు. అందువలన మీ కుటుంబానికి నా సలహా ఏమిటంటే, ఇరకం దాకా పోకుండా భీములవారిపాళెం దగ్గరే పర్యాటకుల కోసం నడిచే పడవలో ఒక చుట్టు తిరిగి రండి. అమ్మగారు ఒడ్డునే కూర్చోవచ్చు.

పడవ విషయంలో మొహమాటం వద్దు. ప్రాణరక్షక జాకెట్లు పిల్లల కొలతకు సరిపడేవి ఉన్నాయో లేదో చూసి, తొడిగించి, బకిళ్లు బిగించిన తరువాతే ఎక్కండి. జనం ఎక్కువైతే దిగిపోయి తరువాతి పడవ కోసం ఆగండి. సరస్సు లోతు తక్కువే అయినా ముఖద్వారం వైపు ప్రవాహం బలంగా ఉంటుంది. 2011 డిసెంబరు 25న తమిళనాడు వైపు పులికాట్‌లో విహారానికి వెళ్లిన పడవ బోల్తా పడి 20 మందికి పైగా చనిపోయారు. మధ్యాహ్నం తరువాత సముద్రపు గాలి లేచి నీరు అలలు కడుతుంది కనుక పడవ పని పదకొండు లోపు ముగించుకోవాలి.

సముద్రతీరం కోసమే అయితే మీకు ఒంగోలు పక్కనే కొత్తపట్నం ఉండగా ఇంత దూరం రావలసిన పని లేదు. అయినా పిల్లలకు మాట ఇచ్చారు కనుక నెల్లూరుకు సుమారు 25 కిలోమీటర్ల దూరంలోని మైపాడును మొదటి రోజు ఉదయమే చూసేయండి. వాకాడు మండలంలోని తూపిలిపాళెం ఇంకా ప్రశాంతంగా ఉంటుంది గానీ, మీ దారికి పక్కన పడుతుంది. పైగా మనుషులు లేని తీరంలో పిల్లలతో దిగడం నాకు సమ్మతం కాదు. ఎక్కడైనా సరే, మన తీరంలో అడుగు ఒక్కసారిగా లోతవుతుంది, లాగేసే ప్రవాహాలు ఉంటాయి. ఏ ఏటికాయేడు పండుగ సెలవుల్లోనే మునిగిపోయిన వార్తలు వింటుంటాం. పిల్లల చేయి పట్టుకుని పాదాలు తడుపుకోవడంతో సరిపెట్టుకోండి. అదృష్టం బాగుంటే మత్స్యకారులు అలివి వల లాగుతూ కనిపిస్తారు. వల ఒడ్డుకు చేరేటప్పుడు చూడటం పిల్లలకు అలల ఆట కంటే ఎక్కువ గుర్తుండిపోతుంది. వారి తాడుకు అడ్డం నిలబడకుండా ఉంటే చాలు.

ఇక క్రమం. మొదటి రోజు తెల్లవారుజామున నాలుగున్నరకు ఒంగోలులో బయలుదేరితే ఏడున్నర ప్రాంతంలో మైపాడు చేరతారు. పది దాకా అక్కడ ఉండి, నెల్లూరులో స్నానం, భోజనం ముగించుకోండి. చేపల పులుసు తినేవారైతే మామిడికాయ వేసిన నెల్లూరు పులుసును వదలవద్దు. ఆ రోజు వండినదాని కంటే నిన్నటిది రుచి అని హోటల్ వారే చెబుతారు. ఒంటి గంటకు బయలుదేరితే మూడింటికి నేలపట్టులో ఉంటారు. చీకటి పడ్డాక సూళ్లూరుపేట వచ్చి లాడ్జీలో పడుకోండి. పండుగ రోజుల్లో గదులు ముందే మాట్లాడుకోవడం అవసరం. రెండో రోజు తెల్లవారక ముందే షార్ రోడ్డు. తిరిగి వచ్చి ఫలహారం, కాళంగి ఒడ్డున చెంగాళమ్మ పరమేశ్వరి దర్శనం. ఆ గుడికి తలుపులు లేవు, రాత్రింబవళ్లు తెరిచే ఉంటుంది. ప్రయోగాలకు ముందు శాస్త్రవేత్తలు వచ్చి మొక్కుకునే అమ్మవారు ఈమే. అక్కడి నుంచి పది లోపు భీములవారిపాళెం, పడవ, భోజనం, తిరుగు ప్రయాణం. రాత్రికి ఒంగోలు చేరవచ్చు.

ఆ దారిలో అమ్మకానికి పెట్టిన పులికాట్ పీతలు కొనదలిస్తే, డెక్కలు తాడుతో కట్టి ఉండగానే పీతను తిరగేసి పొట్ట వైపు పెంకును బొటనవేలితో నొక్కి చూడండి. మెత్తగా లోపలికి దిగితే అది ఈ మధ్యనే పెంకు మార్చుకున్నది, లోపల కండ కంటే నీరే ఎక్కువ ఉంటుంది. గట్టిగా, చేతికి బరువుగా ఉన్నదే తీసుకోవాలి.

రోజుల ఎంపిక గురించి కూడా ఒక మాట. కనుమ రోజున, ఆ మరునాడు ఈ ప్రాంతమంతా ఇటు మన జనంతో, అటు తమిళనాడు నుంచి వచ్చే జనంతో కిక్కిరిసిపోతుంది. జనవరిలోనే తరచుగా ఫ్లెమింగో పండుగ కూడా జరుగుతుంది. 2025లో 18 నుంచి 20 వరకు జరిగింది. ఆటపాటలు, ప్రదర్శనలు, బడిపిల్లల సందడి కావాలంటే అప్పుడే రండి. పక్షుల కోసమైతే ఆ రోజులు తప్పించండి, మైకుల మోతలో రాజహంసలు రోడ్డు దగ్గరకు రావు. సెలవుల వల్ల వేరే దారి లేకపోతే భోగి ముందు రెండు రోజులు నయం.

వెంట తెచ్చుకోవలసినవి పెద్దగా లేవు. ఎనిమిది రెట్లు పెద్దది చేసి చూపే దుర్భిణి పిల్లల చేతికి కుదురుగా ఉంటుంది. అంతకన్నా శక్తిమంతమైనది చేయి వణికితే బొమ్మ నిలవదు. షార్ రోడ్డు మీద నీడ, మరుగుదొడ్డి దొరకవు కాబట్టి సూళ్లూరుపేటలోనే ఆ పనులు చూసుకుని, తాగునీరు నింపుకుని ఎక్కండి. డ్రోను ఇంట్లోనే వదిలేయండి. ఒక పక్క పక్షుల రక్షిత ప్రాంతం, ఇంకో పక్క అంతరిక్ష కేంద్రం, ఎగరేస్తే రెండు విధాలా చిక్కే.

మీరు వెళ్లే రోజునే ప్రయోగం ఉండి గ్యాలరీలో స్థలం దొరకకపోయినా దిగులు పడనవసరం లేదు. ఆకాశం తేటగా ఉంటే సరస్సు ఒడ్డు నుంచీ, సూళ్లూరుపేట మేడల మీద నుంచీ రాకెట్ చక్కగా కనిపిస్తుంది. ముందు నిప్పు, ఆ తరువాత చాలాసేపటికి చప్పుడు. ధ్వని కిలోమీటరుకు సుమారు మూడు సెకన్లు తీసుకుంటుంది కనుక వెలుగు కనిపించిన క్షణం నుంచి పిల్లల చేత అంకెలు లెక్కబెట్టించి, ప్రయోగవేదిక ఎంత దూరంలో ఉందో వారినే కట్టమనండి. అయితే ఆ రోజు షార్ రోడ్డు మీద తనిఖీలు, వాహనాల వరస ఎక్కువగా ఉంటాయి కాబట్టి పక్షుల కోసం అటు పోకుండా, ఉదయం కూడా నేలపట్టులోనే గడపండి.